శోకం నుంచి అభియోగానికి: 'ది సైలెన్స్ ఆఫ్ అదర్స్' డాక్యుమెంటరీ చిత్రంలో సాక్ష్య స్వరూపం

ఉపోద్ఘాతం

స్పెయిన్‌లోని పెద్రో బెర్నార్దో అనే గ్రామానికి చెందిన ఒక వృద్ధురాలు రహదారి అంచున కుర్చీ వేసుకొని కూర్చుంటుంది. రోడ్డు పక్క ఇనుప కమ్మీకి పూలు కడుతుంది. వాహనాలు ఆమె పక్కనుంచి వేగంగా సాగిపోతూ ఉంటాయి. ఆమె పేరు మరియా మార్తిన్. 1936లో ఆమెకు ఆరేళ్ల వయసున్నప్పుడు తల్లిని కాల్చి చంపి, మరికొందరితో కలిపి పూడ్చిపెట్టిన చోటు అది. ఆ గోతి మీదుగానే తరువాతి కాలంలో రోడ్డు పడింది. తల్లి అస్థికలను తనకు అప్పగించమని, తండ్రి సమాధి పక్కన వాటిని ఉంచనివ్వమని ఆమె జీవితకాలమంతా అడిగింది. అడుగుతూనే 2014లో మరణించింది.

అల్ముదేనా కర్రాసేదో, రాబర్ట్ బహార్ దర్శకత్వం వహించిన 'ది సైలెన్స్ ఆఫ్ అదర్స్' (2018) అనే డాక్యుమెంటరీ చిత్రంలోని ప్రధాన వ్యక్తులలో ఆమె ఒకరు. ఫ్రాంకో నియంతృత్వంలో హింసకు గురైనవారు, హతుల వారసులు న్యాయం కోసం సాగించిన పోరాటాన్ని ఆరేళ్లపాటు వెంట నడిచి చిత్రీకరించిన కృతి ఇది. బెర్లిన్ చలనచిత్రోత్సవంలో పనోరమా విభాగంలో ప్రేక్షకుల పురస్కారాన్ని, ఆ తరువాత స్పెయిన్‌లో ఉత్తమ డాక్యుమెంటరీకిచ్చే గోయా పురస్కారాన్ని పొందింది.

ఇటువంటి చిత్రాల గురించి మాట్లాడేటప్పుడు 'హృదయవిదారకం' అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాట అబద్ధం కాదు. కాని అది విమర్శను అక్కడితో ఆపేస్తుంది. ప్రేక్షకుడి హృదయం ద్రవించిన తరువాత ఏం జరగాలి? కరుణరసాన్ని అనుభవించి తేలికపడి లేచిపోవాలా, లేక చూసిన దానికి సాక్షిగా మిగలాలా? ఈ చిత్రం రెండో ఫలితాన్ని కోరుతుందనీ, అందుకోసం అది శోకాన్ని ఉపశమింపజేయకుండా అభియోగంగా మారుస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ పరిశీలనకు భారతీయ అలంకారశాస్త్రంలోని కరుణ-విప్రలంభ విభజననూ, మహాభారత స్త్రీపర్వాన్నీ సాధనాలుగా గ్రహిస్తుంది. స్పానిష్ చిత్రానికీ వీటికీ ప్రభావ సంబంధం లేదు. తెలుగు విమర్శకు చిరపరిచితమైన ఈ పరికరాలు చిత్రంలోని ఒక ప్రధానాంశాన్ని స్పష్టం చేయగలవన్నదే ఇక్కడి ఆధారం.

మరపుకు శాసనం

1936 నుంచి 1939 వరకు జరిగిన అంతర్యుద్ధంలో గెలిచిన ఫ్రాన్సిస్కో ఫ్రాంకో 1975 నవంబరు 20న మరణించేవరకు స్పెయిన్‌ను పాలించాడు. యుద్ధకాలంలోనూ ఆ తరువాత సాగిన అణచివేతలోనూ చంపి సామూహిక గోతులలో పూడ్చినవారి సంఖ్య లక్షకు పైగా ఉంటుందని అంచనా. ఫ్రాంకో మరణానంతరం ప్రజాస్వామ్యానికి మారే క్రమంలో 1977 అక్టోబరులో పార్లమెంటు క్షమాభిక్ష చట్టాన్ని ఆమోదించింది. రాజకీయ ఖైదీలను విడిపించిన చట్టం అదే. ప్రజల హక్కులను కాలరాసిన అధికారులకూ పోలీసులకూ రక్షణ కల్పించిన చట్టమూ అదే. నాటి పార్లమెంటు చర్చల దృశ్యాలను చిత్రం చూపుతుంది. అందరూ అందరినీ మరచిపోవడమే క్షమాభిక్ష అన్న భావం ఆ ప్రసంగాలలో వినబడుతుంది.

ఇక్కడ ఒక భాషాసంబంధమైన అంశం గమనార్హం. క్షమాభిక్షకు స్పానిష్‌లోనూ ఇంగ్లీషులోనూ వాడే మాటకు మూలం విస్మృతి అనే అర్థం గల గ్రీకు పదం. తెలుగులో మనం వాడే 'క్షమాభిక్ష'లో క్షమించేవాడొకడు ఉంటాడు, అడిగేవాడొకడు ఉంటాడు. అంటే నేరం జరిగిందన్న ఒప్పుకోలు ఆ మాటలోనే ఉంది. 1977 చట్టంలో ఆ ఒప్పుకోలు లేదు. నేరస్థుడు అడగలేదు, బాధితుడు ఇవ్వలేదు. ఇద్దరి తరఫునా రాజ్యమే మరచిపోయింది. కనుక చిత్రంలోని బాధితులు ఎదుర్కొంటున్నది క్షమను కాదు, శాసనరూపం పొందిన మరపును.

ఈ మరపును స్పెయిన్ లోపలి నుంచే ప్రశ్నించే ప్రయత్నం జరిగింది. న్యాయమూర్తి బల్తసార్ గార్జోన్ 2008లో ఫ్రాంకో కాలపు నేరాలపై విచారణ మొదలుపెట్టాడు. ఫలితంగా ఆయనే ముద్దాయి అయ్యాడు. 2012లో సుప్రీంకోర్టు ఆ ఆరోపణ నుంచి ఆయనను విముక్తుణ్ణి చేసినా, విచారణ మాత్రం ఆగిపోయింది. 1998లో చిలీ నియంత పినోచెట్‌ను లండన్‌లో అరెస్టు చేయించిన వారంటు జారీచేసింది ఈ న్యాయమూర్తే. ఇతర దేశాల నియంతలను విచారించగల స్పెయిన్ న్యాయవ్యవస్థ స్వదేశపు నియంతృత్వం దగ్గర చేతులు ముడుచుకొంది. అందువల్ల 2010 ఏప్రిల్ 14న బాధితులు బ్యూనస్ ఎయిరిస్‌లో ఫిర్యాదు చేశారు. కొన్ని నేరాలను ఏ దేశపు న్యాయస్థానమైనా విచారించవచ్చుననే విశ్వవ్యాప్త న్యాయాధికార సూత్రం దానికి ఆధారం. న్యాయమూర్తి మరియా సెర్విని ఆ కేసును చేపట్టింది. దానిని నడిపించిన న్యాయవాదులలో ముఖ్యుడైన కార్లోస్ స్లెపోయ్ స్వయంగా అర్జెంటీనా సైనిక ప్రభుత్వపు నిర్బంధాన్ని అనుభవించి స్పెయిన్‌కు ప్రవాసం వచ్చినవాడు. ఒకనాడు అర్జెంటీనా సైనికాధికారులపై స్పెయిన్‌లో సాగిన కేసులలో పాల్గొన్న వ్యక్తి, తరువాత స్పెయిన్ బాధితుల గొంతును అర్జెంటీనాకు చేర్చాడు.

సాపేక్ష శోకం

భరతుడు నాట్యశాస్త్రంలో కరుణకూ విప్రలంభ శృంగారానికీ భేదం చెబుతూ, కరుణ నిరపేక్షమనీ విప్రలంభం సాపేక్షమనీ నిర్ణయించాడు. పోయినవారు తిరిగి రారన్న నిశ్చయంలో పుట్టేది కరుణ. తిరిగి కలుస్తామన్న ఆశ మిగిలి ఉన్న వేదన విప్రలంభం. రెండింటిలోనూ నిర్వేదం, చింత, అశ్రువులు ఉండవచ్చు. అపేక్ష ఉందా లేదా అన్నదే వాటిని వేరు చేస్తుంది.

మరియా మార్తిన్ దుఃఖం ఈ రెంటిలో దేనికి చెందుతుంది? తల్లి మరణం నిశ్చయం. ఆ మేరకు అది కరుణ. కాని ఆమె నిరీక్షిస్తున్నది. తల్లి కోసం కాదు, తల్లి అస్థికల కోసం. మృత్యువు విషయంలో నిరపేక్షం, సంస్కారం విషయంలో సాపేక్షం అయిన ఈ స్థితిని 'సాపేక్ష శోకం' అనవచ్చు. శాస్త్రంలో దీనికి చోటు లేకపోవడం శాస్త్రలోపం కాదు. మరణానికి వెనువెంటనే అంత్యసంస్కారం జరుగుతుందన్న లోకమర్యాదను శాస్త్రం స్వీకరించింది. ఆ మర్యాదను రాజ్యమే భంగపరిచినప్పుడు పుట్టిన దుఃఖం ఇది.

అసెన్సియోన్ మెందియేతా కథలో ఈ సాపేక్షత మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆమె తండ్రి తిమోతేయో కార్మికసంఘ నాయకుడు. యుద్ధం ముగిసిన ఏడు నెలల తరువాత, 1939 నవంబరులో, గ్వాదలహారా శ్మశానం గోడ దగ్గర ఆయనను కాల్చి చంపారు. అరెస్టు చేయడానికి వచ్చినవారికి తలుపు తీసింది పదమూడేళ్ల అసెన్సియోన్. 2013లో, ఎనభై ఎనిమిదేళ్ల వయసులో, ఆమె సముద్రాలు దాటి అర్జెంటీనా వెళ్లి న్యాయమూర్తి ముందు సాక్ష్యం చెప్పింది. తండ్రి ఎముక ఒక్కటైనా దొరికితే దానిని తనతోపాటు సమాధిలోకి తీసుకుపోవాలన్నది ఆమె కోరిక. ఆ కోరికలో ప్రతీకారం లేదు. అయితే అది చిన్న కోరిక కూడా కాదు. ఒక్క ఎముకను అప్పగించాలంటే రాజ్యం గోతిని తెరవాలి. తెరిస్తే అందులో ఎందరున్నారో లెక్కించాలి. వారు ఎలా చనిపోయారో రాసుకోవాలి. సంస్కారం కోసం చేసే అభ్యర్థన ఆ విధంగా సాక్ష్యసేకరణ అవుతుంది.

సెర్విని ఉత్తర్వు మీద 2016లో జరిగిన తవ్వకంలో ఆయన ఆనవాలు దొరకలేదు. 2017లో మరొక గోతిలో దొరికిన అస్థికలు ఆయనవేనని జన్యుపరీక్ష తేల్చింది. ఈ రెండు తవ్వకాల మధ్య కాలమే ఈ కథకు అసలైన సంఘర్షణ. తొంభై దాటిన మనిషికి 'మరికొంత కాలం ఆగండి' అన్న మాట ఎంత క్రూరమో చెప్పడానికి వ్యాఖ్యానం అవసరం లేదు. ఆమె ముఖమే చెబుతుంది.

సాధారణీకరణం, పేరు

రసనిష్పత్తికి సాధారణీకరణం అవసరమని భట్టనాయకుడు ప్రతిపాదించాడు. రంగస్థలం మీది దుఃఖం 'ఫలానావారిది' అన్న పరిమితిని వదిలినప్పుడే సహృదయుడికి ఆస్వాద్యమవుతుంది. సాక్ష్యానికి కావలసింది దీనికి పూర్తిగా విరుద్ధం. న్యాయస్థానంలో దుఃఖం ఫలానావారిదే కావాలి. పేరు, తేదీ, స్థలం, చంపినవారెవరు అన్న వివరాలు లేని దుఃఖానికి అక్కడ విలువ లేదు. ఈ డాక్యుమెంటరీ ఈ రెండు అవసరాల మధ్య నడవాలి. కేవలం వివరాలిస్తే అది కేసు దస్త్రమవుతుంది. కేవలం ద్రవింపజేస్తే 'పాపం, ఏ కాలమైనా ఇంతే' అన్న వేదాంతంలో కరిగిపోతుంది.

దర్శకులు ఈ సమస్యను పరిష్కరించిన తీరు రెండు ఉదాహరణలలో తెలుస్తుంది. మొదటిది శిల్పాల దృశ్యం. హెర్తె లోయను చూస్తూ కొండమీద నిలిచిన నిలువెత్తు మానవశిల్పాలను చిత్రం మళ్లీ మళ్లీ చూపుతుంది. అంతర్యుద్ధపు విస్మృతుల జ్ఞాపకంగా 2009లో ప్రతిష్ఠించిన ఆ శిల్పాల మీద కొద్దికాలానికే ఎవరో తుపాకులు పేల్చారు. శిల్పి వాటిని బాగుచేయలేదు. ఆ తూటా గుర్తులతోనే తన పని పూర్తయిందని భావించాడు. పేరులేని ఆ శిల్పాలు చిత్రంలో సాధారణీకరణ భారాన్ని మోస్తాయి. అవి ఎవరైనా కావచ్చు. అందువల్ల మనుషులు ఎవరో ఒకరుగా మారవలసిన అవసరం తప్పుతుంది. మరియా మరియాగానే, అసెన్సియోన్ అసెన్సియోన్‌గానే మిగిలిపోతారు.

రెండోది మరియా మాట. జీవితం ఎంత అన్యాయమైనదో అని మొదలుపెట్టిన ఆమె వెంటనే తనను తాను సరిదిద్దుకుంటుంది: అన్యాయం జీవితానిది కాదు, మనుషులది. బొంగురుపోయిన గొంతుతో అన్న ఈ మాటలో చిత్రసారమంతా ఉంది. దుఃఖానికి విధిని కారణంగా చూపడం లోకస్వభావం. అలా చూపినంతకాలం శోకం శోకంగానే ఉంటుంది. కారణం మనిషి అన్న క్షణంలో శోకం అభియోగమవుతుంది. ఆమె ఆ మార్పును సిద్ధాంతంగా చెప్పలేదు. నోటికి వచ్చిన మాటను ఒప్పుకోక మార్చుకుంది, అంతే.

స్త్రీపర్వం వెలుగులో

తిక్కన తెనిగించిన భారతభాగంలోని స్త్రీపర్వం తెలుగు పాఠకులకు ప్రధానంగా విలాపకావ్యంగా పరిచితం. కాని దాని నిర్మాణాన్ని పరిశీలిస్తే అందులో మూడు ఘట్టాలు ఈ చర్చకు ఉపకరిస్తాయి.

మొదటిది గాంధారి శాపం. దివ్యదృష్టితో రణభూమిని చూసిన గాంధారి ఒక్కొక్క మృతుణ్ణి గుర్తించి, ఒక్కొక్కరి కోసం విలపిస్తుంది. నూరుగురు కొడుకులు అన్న సంఖ్యతో ఆమె తృప్తిపడదు. ఈ గుర్తింపు ముగిసిన తరువాతే ఆమె కృష్ణుని వైపు తిరుగుతుంది. ఆపగల శక్తి ఉండీ ఎందుకు ఉపేక్షించావని నిలదీస్తుంది. విలాపం వ్యక్తులను పేరుపేరునా తలచుకొని, ఆ దారినే అభియోగాన్ని చేరుతుంది. ఇక్కడ నేరం చంపడం కాదు, ఉపేక్ష. చిత్రం పేరులోని 'ఇతరుల మౌనం' కూడా ఇదే నేరం.

రెండోది అంత్యక్రియలు. యుద్ధంలో చనిపోయిన అందరికీ, నా అన్నవారెవరూ లేని అనాథ మృతులతో సహా, సంస్కారం జరిగేలా ధర్మరాజు ఏర్పాటు చేస్తాడు. తనవారు, పగవారు అన్న భేదం అందులో లేదు. గెలిచినవాడి మొదటి కర్తవ్యం మృతులందరికీ సంస్కారం చేయడమన్నది ఇందులోని రాజధర్మం. స్పెయిన్‌లో గెలిచిన పక్షం తనవారిని ఘనంగా ఖననం చేసుకొని, ఓడినవారిని రోడ్ల పక్కనా శ్మశానాల గోడల కిందా వదిలేసింది. 2007లో వచ్చిన చట్టం సైతం తవ్వకాల భారాన్ని ప్రధానంగా కుటుంబాలకూ స్వచ్ఛంద సంస్థలకూ విడిచిపెట్టింది. అదృశ్యులను వెతకడం రాజ్యం బాధ్యత అని స్పష్టంగా ప్రకటించడానికి 2022 నాటి ప్రజాస్వామ్య స్మృతి చట్టం వరకు ఆగవలసివచ్చింది.

మూడోది కుంతి ఒప్పుకోలు. యుద్ధమంతా దాచిన రహస్యాన్ని కుంతి తర్పణ సమయంలో బయటపెడుతుంది. కర్ణుడు మీ అన్న అని పాండవులకు చెబుతుంది. అప్పుడే ఎందుకు చెప్పింది? నీళ్లు వదలాలంటే మృతుడి పేరు చెప్పాలి, తనకు ఏమవుతాడో చెప్పాలి. సంస్కారం మౌనాన్ని సహించదు. గోతిని తెరవకూడదని పట్టుబట్టే రాజ్యానికి ఈ సంగతి బాగా తెలుసు. అస్థికలను అప్పగించడం మానవీయమైన చిన్న ఉపకారంగా పైకి కనిపించినా, దానితోపాటు చెప్పవలసి వచ్చే పేర్లే అసలు భయం. 2013 మే నెలలో మాడ్రిడ్‌లోని అర్జెంటీనా కాన్సులేటు నుంచి వీడియో ద్వారా సాక్ష్యాలు నమోదు చేయాలనుకున్నప్పుడు స్పెయిన్ ప్రభుత్వం అడ్డుపడింది, కార్యక్రమం రద్దయింది. వృద్ధులు నాలుగు మాటలు చెబితే రాజ్యానికి వచ్చే నష్టమేమిటన్న ప్రశ్నకు కుంతి ఘట్టంలో సమాధానం ఉంది.

'ఇతరులు' ఎవరు?

చిత్రానికి ఉన్న పరిమితి దాని పేరులోనే బయటపడుతుంది. పేరు ఇతరుల మౌనం గురించి. చిత్రం ఎక్కువగా వినేది బాధితుల మాట. మౌనం వహించినవారు ఎవరు, ఎందుకు వహించారు అన్న ప్రశ్నకు అది తగినంత సమయం ఇవ్వలేదు. వీధిలో కొందరు యువకులను 1977 చట్టం గురించి అడిగితే వారికి తెలియదు. ఆ దృశ్యం పదునైనదే, కాని తెలియనివారిని చూపడం సులభం. తెలిసీ ఊరుకున్నవారిని చూపడం కష్టం. మరియా తల్లిని తీసుకుపోయిన రోజున తలుపులు మూసుకొన్న ఇరుగుపొరుగువారిలో భయస్థులు ఎందరు, సమ్మతించినవారు ఎందరు, మళ్లీ యుద్ధం వస్తుందేమోనన్న బెంగతో నోరు నొక్కుకున్నవారు ఎందరు? క్షమాభిక్ష కోసం వీధులలో ఉద్యమించినవారిలో నియంతృత్వాన్ని ఎదిరించిన వామపక్షాలు ముందున్నాయి. తమ సహచరులను జైళ్ల నుంచి విడిపించుకోవడం వారి లక్ష్యం. ఆ ఆశయమే నేరస్థులకు కవచంగా ఎలా మారిందన్న సంక్లిష్టతను చిత్రం వేగంగా దాటిపోతుంది.

నేరస్థుల వైపు పరిశీలిస్తే పరిస్థితి వేరు. విద్యార్థి ఉద్యమకారుడిగా పోలీసుల చిత్రహింసలు అనుభవించిన హోసె మరియా గలాంతె, తనను హింసించిన అధికారి అంతోనియో గొంజాలెజ్ పచేకో నివాసానికి కొద్దిదూరంలోనే నివసిస్తుంటాడు. హింస జరిగిన భవనం నేడు మాడ్రిడ్ ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయం. పచేకో తన పక్షం చెప్పడు. కెమెరాలు కనబడితే ముఖం దాచుకుంటాడు. ఇక్కడి ఏకపక్షతను చిత్రలోపంగా ఎంచలేము. విచారణే లేనిచోట నిందితుడు సమాధానం చెప్పవలసిన అవసరం రాదు. అతని మాట లేకపోవడం ఆ చట్టం సాధించిన ఫలితమే. 2014లో అతని అప్పగింతను స్పెయిన్ న్యాయస్థానం కాలదోషం కారణంగా తిరస్కరించింది.

మొదటి పరిమితిని కొంతవరకు పూరించే అంశం వ్యాఖ్యానం. దానిని చెప్పేది దర్శకురాలు కర్రాసేదో స్వయంగా. ఆమె నియంతృత్వ బాధితురాలు కాదు. ఫ్రాంకో అనంతర ప్రజాస్వామ్యంలో పెరిగిన తరానికి చెందినది. అంటే ఆ 'ఇతరులలో' ఒకతె. ఈ దృష్టితో చూస్తే చిత్రమంతా ఒక ఇతరురాలు తన తరపు మౌనాన్ని విడవడంగా కనిపిస్తుంది. అయితే ఆ గొంతు తన మౌనాన్ని గురించి మరింత నిశితంగా ఆత్మవిమర్శ చేసుకొని ఉంటే చిత్రం పేరుకు పూర్తి న్యాయం జరిగేది.

ముగింపు

చట్టపరమైన ఫలితాన్ని ప్రమాణంగా తీసుకుంటే ఈ పోరాటం గెలవలేదు. స్లెపోయ్ 2017లో, అసెన్సియోన్ 2019లో మరణించారు. 2020 మార్చిలో గలాంతె, మే నెలలో పచేకో కోవిడ్‌తో చనిపోయారు. హింసించినవాడూ హింసకు గురైనవాడూ ఒకే వ్యాధితో కొద్దివారాల తేడాతో పోయారు. ఆ ఇద్దరి మధ్య ఒక న్యాయస్థానం చెప్పవలసిన తీర్పు వెలువడనేలేదు. మృత్యువు చూపిన ఈ సమానత్వాన్ని న్యాయంగా భ్రమించరాదు. అన్యాయం జీవితానిది కాదు, మనుషులదన్న మరియా సవరణ ఇక్కడా వర్తిస్తుంది.

అయినా ఈ చిత్రం సాధించినది ఉంది. రాజ్యం 'గతం' అని మూసివేసిన దుఃఖాన్ని అది అపేక్ష గల వర్తమాన దుఃఖంగా నిలబెట్టింది. కరుణను ఉపశమనానికి కాక పేర్లు చెప్పించడానికి వినియోగించింది. నిజజీవిత దుఃఖాన్ని చిత్రించే కృతులను విమర్శించేటప్పుడు, రసపోషణ ఎంత బాగా జరిగిందన్న ప్రశ్నతో పాటు, ఆ దుఃఖం ఎవరిని ఏమని అడుగుతున్నదన్న ప్రశ్న కూడా వేయాలని ఈ పరిశీలన సూచిస్తున్నది. 2017 జూలైలో మాడ్రిడ్‌లో తిమోతేయో మెందియేతా అస్థికలకు ఖననం జరిగింది. డెబ్బై ఏడేళ్లకు పైగా గోతిలో అనామకుడిగా ఉన్న వ్యక్తి తన పేరుతో సమాధిలో చేరాడు. రెండేళ్ల తరువాత కూతురు కన్నుమూసింది. మరియా మార్తిన్ తల్లి మాత్రం ఆమె జీవితకాలంలో ఆ రోడ్డు కింది నుంచి బయటికి రాలేదు.